సైనిక శిక్షణ భూముల్లో వాగుల పునరుద్ధరణ: చేపల ఆవాసం

నిర్వచనం, పరిధి

సైన్యం కాల్పుల సాధనకు, బాంబుల పరీక్షకు, వాహన విన్యాసాలకు వాడుకునే భూమిలో వాగులు, వంకలు, చిన్న ఏర్లు పారుతుంటాయి. అక్కడ చేపలు మళ్లీ తలదాచుకుని, మేతమేసి, గుడ్లు పెట్టి, ఎదురెక్కగలిగేలా ఆ వాగులను బాగుచేయడమే ఈ వ్యాస విషయం. నీరు, వాగు అడుగు, గట్టు, చేప వచ్చిపోయే దారి అనే నాలుగింటినీ కలిపి ఆవాసం అంటారు. వీటిలో ఏది చెడినా మిగతా మూడు బాగున్నా ప్రయోజనం తక్కువ.

చేపపిల్లలను తెచ్చి వదలడం దీని కిందికి రాదు. అది చేపల పెంపకం (చూ. చేపల పెంపకం). పునరుద్ధరణలో చేపను ఎవరూ తేరు; చోటు బాగుపడితే పైనో కిందో మిగిలిన చేప తానే వస్తుంది. ఏటా జలాశయాల్లో పిల్లలను వదిలి లెక్క రాసుకునే అలవాటున్న మన ప్రభుత్వ శాఖల్లో ఈ రెంటికీ తేడా తరచూ చెరిగిపోతుంది.

సైనిక భూమి స్వభావం

సైనిక భూమికి రెండు ముఖాలున్నాయి. కంచె లోపలికి నాగలి రాదు, లేఅవుట్లు పడవు, పురుగుమందు చేరదు. చుట్టూ ఊళ్లు పెరిగి వాగులు మురికికాల్వలైపోయినా, కాల్పుల మైదానం లోపలి వాగు పాత రూపంలోనే మిగిలి ఉండడం అనేక దేశాల్లో కనిపిస్తుంది. రెండో ముఖం భారీ వాహనాలది. అవి నేలను చీలుస్తాయి, మట్టి రోడ్లు వాగులను అడ్డంగా దాటుతాయి, గుండ్ల దెబ్బకు గడ్డి కాలి నేల బయటపడుతుంది.

హాని అన్నివేళలా హానిగానే మిగలదనడానికి ఇంగ్లండులోని సాలిస్‌బరీ మైదానం చిత్రమైన ఉదాహరణ. సుమారు 38,000 హెక్టార్ల ఆ శిక్షణ ప్రాంతంలో ట్యాంకులు తొక్కిన గుంటల్లో వాననీరు నిలుస్తుంది. ఇతర చోట్ల అరుదైపోయిన ఒక రకం మంచినీటి రొయ్యజాతి జీవి ఆ గుంటల్లో బతుకుతోంది. వాగు చేపలకు మాత్రం అలాంటి అదృష్టం తక్కువ.

హాని జరిగే తీరు

అన్నిటికంటే పెద్ద శత్రువు పూడిక. చాలా వాగు చేపలు గులకరాళ్ల సందుల్లోనో, ముతక ఇసుకలోనో, నీటి మొక్కల వేళ్లలోనో గుడ్లు పెడతాయి. గుడ్డుకు ప్రాణవాయువు అందాలంటే ఆ సందుల్లోంచి నీరు ఆడుతూ ఉండాలి. రోడ్డు మీది బురద వానకు కొట్టుకొచ్చి పేరుకుంటే సందులు మూసుకుపోయి గుడ్లు మురిగిపోతాయి. పురుగుల లార్వాలు కూడా పోవడంతో పిల్లలకు మేత ఉండదు. నీరు పైకి తేటగానే కనిపిస్తుంది కాబట్టి ఈ నష్టం ఒడ్డున నిలబడినవారి కంటికి ఆనదు.

రెండోది వాగు దాటే చోటు. తూములు వేసి పైన కాంక్రీటు పోసిన చప్టాను దిగువ నుంచి చూస్తే సంగతి తెలుస్తుంది. ఎగువ నుంచి వచ్చిన నీరంతా ఇరుకు తూముల్లోంచి వేగంగా దూకుతుంది. ఆ దూకుడుకు దిగువన అడుగు కోసుకుపోయి గుంట పడుతుంది. నాలుగైదు వర్షాకాలాలు గడిచేసరికి తూము నోరు గుంటలోని నీటిమట్టానికి మోకాలెత్తు పైకి తేలుతుంది. జానెడు చేప ఆ నోటి కింద గుంపులుగా చేరి ఎగబడుతుంది, ఎక్కలేదు. ఎగువ వాగంతా బాగున్నా దానికి అందదు. చప్టా కట్టిన ఇంజనీరుకు బండి దాటితే పని అయినట్టే. అందుకే ఈ లోపం సైనిక భూముల్లోనూ పంచాయతీ రోడ్ల మీదా ఒకే రకంగా కనిపిస్తుంది.

మూడోది రసాయనాలు. ఆర్‌డీఎక్స్, టీఎన్‌టీ వంటి పేలుడు పదార్థాల అవశేషాలు, తూటాల సీసం, వైమానిక స్థావరాల్లో మంటలార్పే నురుగులోని ఫ్లోరిన్ రసాయనాలు నేలలోకి దిగి ఊటనీటితో వాగుకు చేరతాయి. వీటిని తొలగించడం ఖరీదైన పని, ఏళ్లు పట్టే పని.

చట్టాలు, చరిత్ర

ఈ పని ఒక పద్ధతిగా రూపుదిద్దుకున్నది అమెరికాలో. 1960లో వచ్చిన సైక్స్ చట్టం సైనిక స్థావరాల్లో వన్యప్రాణి, మత్స్య సంరక్షణకు వీలు కల్పించింది. మొదట్లో అది ప్రధానంగా వేటకూ చేపల వేటకూ సంబంధించిన ఏర్పాటు. 1973లో అంతరించిపోతున్న జీవుల చట్టం వచ్చాక పరిస్థితి మారింది. స్థావరంలో అలాంటి చేప ఉంటే శిక్షణకే ఆంక్షలు వస్తాయి. 1997 సవరణతో ప్రకృతి వనరులున్న ప్రతి ప్రధాన స్థావరమూ సమగ్ర నిర్వహణ ప్రణాళిక తయారుచేసుకోవడం తప్పనిసరి అయింది. చేప అంతరించిపోతున్న జీవుల జాబితా నుంచి బయటపడితే సైన్యానికి చేతులు విప్పుకున్నట్టవుతుంది. ఈ స్వార్థం లేకుంటే బడ్జెట్‌లో ఇంత డబ్బు వాగులకు దొరికేది కాదు.

ఎగ్లిన్: ఒకలూసా డార్టర్

ఫ్లోరిడా వాయవ్య మూలన ఉన్న ఎగ్లిన్ వైమానిక స్థావరం సుమారు 4.6 లక్షల ఎకరాలు. 1940 వరకు దీనిలో పెద్దభాగం జాతీయ అరణ్యం. 1942లో టోక్యో మీద దాడికి వెళ్లిన డూలిటిల్ విమానదళం సాధన చేసింది ఇక్కడే. పొడవాకు పైన్ చెట్ల ఇసుక నేలలోంచి ఊటలు పుట్టి చల్లని చిన్న వాగులుగా పారతాయి. వాటిలో ఆరు వాగుల పరీవాహకంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని చేప ఒకలూసా డార్టర్. నిండా పెరిగినా రెండంగుళాలు. దాని ఆవాసంలో సుమారు 90 శాతం స్థావరం లోపలే ఉంది.

1973లో దీన్ని అంతరించిపోతున్న జాతిగా ప్రకటించారు. కారణాలు వెతికితే బాంబుల కంటే రోడ్లే ఎక్కువ దోషులుగా తేలాయి. రోడ్ల కోసం మట్టి తవ్విన గుంటలు, తారు లేని దారులు, వాగుల మీది తూములు, నీరు నిలగట్టిన చిన్న చెరువులు కలిసి వాగులను ఇసుకతో పూడ్చాయి, ముక్కలు చేశాయి.

తీసుకున్న చర్యలు చూడడానికి సాదాసీదాగా ఉంటాయి. కోతపడుతున్న వందల చోట్ల వాలు సరిచేసి గడ్డి, చెట్లు నాటారు. అవసరం లేని రోడ్లు మూసేశారు. మిగిలిన వాటిలో చాలాచోట్ల తూములు తీసి వంతెనలు వేశారు. గోల్ఫ్ మైదానం కింద పైపుల్లో పారుతున్న ఒక వాగును మళ్లీ వెలుగులోకి తెచ్చారు. 2011లో ఆ చేపను అంతరించిపోతున్న జాతి స్థాయి నుంచి ముప్పున్న జాతి స్థాయికి తగ్గించారు. 2023లో జాబితా నుంచే తొలగించారు. అప్పటికి సంఖ్య ఐదు లక్షలు దాటిందని అంచనా. ప్రకటనకూ తొలగింపుకూ మధ్య యాభై ఏళ్లు. తొలగించాక కూడా కనీసం ఐదేళ్లు గమనించాలని ఆ చట్టమే చెబుతుంది.

లూయిస్-మెకార్డ్: ఎండే వాగు

వాషింగ్టన్ రాష్ట్రంలోని లూయిస్-మెకార్డ్ స్థావరంలో మక్ క్రీక్ అనే వాగు గడ్డిమైదానాల మీదుగా పారి నిస్క్వాలీ నదిలో కలుస్తుంది. దీనిలోకి చమ్ సాల్మన్ చేపలు సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి వస్తాయి. ఈ భూమికి చేదు చరిత్ర ఉంది. 1917లో సైనిక శిబిరం కోసం నిస్క్వాలీ ఆదివాసుల రిజర్వేషన్‌లో సుమారు మూడింట రెండు వంతులు లాక్కున్నారు. చేపల వేట హక్కుల కోసం ఆ తెగ సుదీర్ఘంగా పోరాడింది. ఆ తెగ నాయకుడు బిల్లీ ఫ్రాంక్ జూనియర్ (1931–2014) ఎన్నోసార్లు అరెస్టయ్యాడు. 1974లో వెలువడిన బోల్ట్ తీర్పు పట్టుబడికి వీలైన సాల్మన్‌లో సగం ఒప్పందం చేసుకున్న తెగలదేనని తేల్చింది. ఆ తర్వాత అదే తెగ, సైన్యంతో కలిసి మక్ క్రీక్‌ను బాగుచేసే పనిలో భాగస్వామి అయింది.

తెలుగు పాఠకులకు ఈ వాగు దగ్గరిదిగా తోస్తుంది, ఎందుకంటే వేసవిలో దీని కొంతభాగం ఎండిపోతుంది. వాగునిండా చాపలా అల్లుకుపోయే ఒక గడ్డిని తీసి, గట్టున చెట్లు నాటి, నీడపడితే ఆ గడ్డి మళ్లీ లేవకుండా చూడడం అక్కడి ముఖ్యమైన పని. మన వాగుల్లో జమ్ము, తూటికాడ కూడా అలాగే అల్లుకుపోతాయి.

పద్ధతులు

పని ఎప్పుడూ ఎగువ నేల నుంచి మొదలుపెట్టాలి. మట్టి వచ్చే చోటు ఆపకుండా వాగులో పూడిక తీస్తే మరుసటి వర్షాకాలానికి మళ్లీ నిండుతుంది. రోడ్డు మీది నీటిని వాగులోకి నేరుగా వదలకుండా మధ్యమధ్య గడ్డి నేలలోకి మళ్లించడం చవకైన ఉపాయం.

తరువాత వాగు దాటే చోట్లు. ట్యాంకులు తప్పనిసరిగా దాటాల్సిన చోట అడుగును రాయి పరచి గట్టిపరుస్తారు. వాహనాలన్నీ ఆ ఒక్క రేవునే వాడాలి. పైకి తేలిన తూము దిగువన బండరాళ్లను ఏటవాలుగా పేర్చి మెట్లమెట్లుగా గుంటలు కడితే చేప ఒక గుంట నుంచి మరొక గుంటకు ఎక్కుతుంది. వీలుంటే తూమును తీసేసి వాగు వెడల్పుకు మించిన వంతెన వేయడమే మేలు.

వాగు లోపల పడిన దుంగలను ఉంచేయడం, లేనిచోట పాతడం, తిన్నగా తవ్వేసిన కాలువకు పాత వంపులు తిరిగి ఇవ్వడం, గట్టున చెట్లు పెంచడం మూడో దశ. పేలని గుండ్లు ఉన్న భూమిలో వీటిలో ఏ పనికైనా ముందు నేలను వెతికి శుభ్రం చేయాలి. మామూలు వాగు పనికీ దీనికీ ఖర్చులో తేడా ఎక్కువగా అక్కడే వస్తుంది.

భారతదేశంలో స్థితి

2022 జనవరిలో ముగిసిన సర్వే ప్రకారం రక్షణశాఖ భూమి 17.78 లక్షల ఎకరాలు. అందులో 1.61 లక్షల ఎకరాలు అప్పటి 62 కంటోన్మెంట్లలో ఉంది, మిగతాది వాటి బయట. ఇవిగాక, 1938 నాటి సైనిక విన్యాసాలు, కాల్పుల సాధన చట్టం కింద సైన్యానిది కాని భూమిని కూడా నోటిఫై చేసి కొన్నాళ్లపాటు సాధనకు వాడుకోవచ్చు. అలాంటి చోట వాగు ఊరిది, గుండు సైన్యానిది.

రాజ్యాంగంలో రక్షణ కేంద్ర జాబితాలో, మత్స్యశాఖ రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కంచె లోపలి వాగులోని చేపను పట్టించుకోవలసింది ఎవరో ఈ విభజనలోనే తేలకుండా పోతుంది. సైన్యం చేసిన పర్యావరణ పనుల్లో పేరున్నది 1982లో ప్రాదేశిక సైన్యం కింద మొదలైన ఎకలాజికల్ టాస్క్ ఫోర్స్. సున్నపురాయి గనులతో పాడైన ముస్సోరీ కొండలను ఈ దళం చెట్లతో కప్పింది. దాని లక్ష్యం చేపలు కావు. అయితే కొండ మీద మట్టి ఆగితే కింది వాగుకు అదే సగం చికిత్స.

తెలుగు నేలపై

సికిందరాబాదు కంటోన్మెంటు 1806లో ఏర్పడింది. దాని మీదుగా పారే పికెట్ నాలా హుస్సేన్‌సాగర్‌లో కలిసే నాలుగు నాలాల్లో ఒకటి. పేరులోనే సైనిక కాపలా ఉన్న ఈ వాగు ఇప్పుడు మురుగునీటి కాలువ. అక్కడ ఆవాసం కంటే ముందు మురుగు సంగతి తేలాలి.

వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళ అతి తక్కువ పౌనఃపున్య రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. ఇది శిక్షణ భూమి కాదు, సమాచార కేంద్రం. కానీ హైదరాబాదు మూసీ పుట్టే అనంతగిరి కొండలు ఆ చుట్టుపక్కలవే కావడంతో, నది ఎగువ వాగులు దెబ్బతింటాయని స్థానికులు, పర్యావరణవాదులు అభ్యంతరం చెప్పారు. దేశభద్రతకు కేంద్రం తప్పనిసరి అనీ, అడవికి నష్టం తగ్గిస్తామనీ ప్రభుత్వ పక్షం బదులిచ్చింది. ఎగువ వాగు, సైనిక నిర్మాణం ఎదురెదురుగా నిలిచిన ఈ సందర్భం మీద తెలుగునాట బాగా చర్చ జరిగింది.

పొదిలి ప్రాంతం

ఆంధ్రప్రదేశ్‌లోని పొదిలి పరిసరాల్లో సైనిక శిక్షణ భూమి లేదు. దగ్గర్లో సైన్యం జాడ అంటే ఉత్తరాన దొనకొండలో బ్రిటిషువారు వేసిన పాత విమానాశ్రయమే. అయినా ఇక్కడి వాగుల కథ పై ఉదాహరణలతో అడుగడుగునా కలుస్తుంది కాబట్టి ఈ వ్యాసంలో చోటిచ్చాం. పొదిలి నీటిని తీసుకుని తూర్పుకు సాగే నది పేరు కూడా మూసీయే. హైదరాబాదు మూసీకి దీనితో సంబంధం లేదు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ, కంభం చెరువు నింపి, మల్లవరం జలాశయం దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది (చూ. గుండ్లకమ్మ, కంభం చెరువు). మల్లవరం గేట్లు 2022లో ఒకసారి, 2023లో మరొకసారి కొట్టుకుపోయి జలాశయం ఖాళీ అయింది.

ఇవన్నీ ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకమేటలుగా ఉండే వాగులు. చేపలు కూడా దానికి తగ్గవే. కొరమేను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి గాలి పీల్చగలవు. నీరు తగ్గి బురద మిగిలినా కొంతకాలం నెగ్గుకొస్తాయి. మార్పు తడి నేల మీద పాకి మరో గుంటకు చేరగలదు. పరిగెలు, జెల్లలకు ఆ వీలు తక్కువ. వాటికి వేసవిలో ఎండని మడుగు కావాలి. తొలివానలకు ఎర్రనీరు దిగగానే అవి మడుగులోంచి బయటపడి గుడ్లతో ఎదురెక్కుతాయి. అదే వేళకు జనం వలలు, ఊతలు పట్టుకుని చప్టాల దగ్గర చేరతారు. చేప ఆగిపోయే చోటే మనిషికి దొరికే చోటు. గుడ్లున్న చేప బుట్టలోకి పోతుంది. కొరమేను తీరు వేరు. అది గడ్డి మొలిచిన అంచుల్లో గూడు కట్టి, ఎర్రగా గుంపుకట్టి తిరిగే పిల్లలకు కాపలా కాస్తుంది. ఆ గుంపును చూసి తల్లిని పట్టేస్తే పిల్లలు మిగలవు.

వేసవి మడుగు నిలిచేది ఇసుక కింది ఊటతో. ఇసుక తవ్వేస్తే చెలమలు ఎండుతాయి, మడుగూ ఎండుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం ఇసుక తవ్వకాన్ని నియంత్రిస్తుంది. ఆ చట్టం మనసులో ఉన్నది తాగునీరు, సాగునీరు. దానివల్ల చేపకు మేలు జరిగితే అది కలిసొచ్చిన లాభం. చీమకుర్తి వైపు గ్రానైటు గనుల రాతిపొడి బురద, ఎగ్లిన్‌లో మట్టిగుంటల ఇసుక చేసిన పనే చేయగలదు. గట్ల మీద సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుని నీడనిస్తుంది గానీ కింద గడ్డి మొలవనివ్వదు. కాబట్టి అది మట్టిని పట్టి ఉంచుతుందని లెక్కేసుకోకూడదు.

సైనిక భూమికి లేని ముప్పు ఇక్కడ పత్తి, మిరప చేలది. సైపర్‌మెత్రిన్ వంటి పైరిత్రాయిడ్ మందులు చేపకు అతి స్వల్ప మోతాదులోనే ప్రాణాంతకం. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిషేధించింది. అదీ చేపలకు తీవ్ర విషమే. మందు కొట్టాక స్ప్రేయర్ ట్యాంకును వాగు మడుగులో కడిగితే, వేసవికి చేపలు దాచుకున్న ఆ కాస్త నీటిలో ఒక్క కడుగుడే చాలు. ట్యాంకును చేలోనే కడిగి ఆ నీటిని చేలోనే పోయడానికి ఖర్చేమీ లేదు.

చెక్ డ్యాముల సంగతి రెండు వైపులా చూడాలి. అవి భూగర్భ జలాన్ని పెంచి ఎగువన నీటిని నిలుపుతాయి. ఆ నీరే కొన్నిచోట్ల కొత్త మడుగు. నిటారుగా కట్టిన గోడ మాత్రం ఎదురెక్కే చేపకు తెర. అలుగు దిగువన రాళ్లతో పొడవైన ఏటవాలు పరిస్తే రైతు నీటికి లోటు రాకుండానే చేపకు దారి దొరుకుతుంది.

ఫలితాల కొలత, వివాదాలు

పని అయిందనడానికి నాటిన చెట్ల లెక్క చాలదు. పనికి ముందూ తర్వాతా, బాగుచేసిన వాగులోనూ చేయని పొరుగు వాగులోనూ ఒకే పద్ధతిలో చేపలను లెక్కించాలి. ఎగ్లిన్‌లో తేటనీటిలో కంటితో చూసి లెక్కపెట్టారు. ఎర్రనీటి వాగుల్లో అది కుదరదు, వేసవి మడుగుల్లో వలతో లెక్కించి వదిలేయడమే దారి.

ఈ పని మీద విమర్శలూ ఉన్నాయి. సైన్యం చేసిన నష్టాన్ని సైన్యమే బాగుచేసి పేరు కొట్టేస్తోందని కొందరంటారు. భూమి పోగొట్టుకున్న వారికి అది తిరిగి రాలేదని నిస్క్వాలీ వంటి సమాజాలు గుర్తుచేస్తాయి. మరోవైపు, అదే భూమి ప్రైవేటు చేతుల్లో పడి ఉంటే ఒకలూసా డార్టర్ ఇప్పటికి ఉండేదా అన్న ప్రశ్నకు గట్టి జవాబు చెప్పినవారు తక్కువ.

పొదిలి వంటి మెట్ట ప్రాంతానికి ఈ అనుభవంలోంచి పనికొచ్చేవి ముందు రెండు: ఎండని మడుగును గుర్తించి దాని చుట్టూ ఇసుకనూ, నీటినీ కాపాడడం, కొత్తగా కట్టే ప్రతి చప్టా తూమునూ వాగు అడుగు కంటే కిందికి దించి వేయడం. రెండోదానికి పెద్ద ఖర్చు లేదు. కట్టే రోజున కాస్త లోతుగా తవ్వితే సరిపోతుంది.